మా అమ్మాయి పిట్టల్ని చూసిన బీడు

మా అమ్మాయి పోయాక కూడా తన ఫోన్‌కి చార్జింగ్ పెట్టడం నేను మానలేదు. పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళేముందు నా ఫోన్ తీసి తనది పెట్టేదాన్ని. మా ఆయన చూసేవారు గానీ ఏమీ అనేవారు కాదు. ఆయన బస్సు డ్రైవరు. మామూలుగానే తక్కువ మాట్లాడే మనిషి, ఆ వానాకాలం తర్వాత ఇంకా తగ్గించేశారు.

అమ్మాయి నూజివీడులోనే కాలేజీ క్యాంపస్‌లో ల్యాబ్ ఉద్యోగం చేసేది. మాకు ఒక్కతే. ఆ ఏడు వానల్లో జ్వరం వచ్చింది. ఊళ్ళో అందరికీ వస్తున్న జ్వరమే అనుకున్నాం. విజయవాడ తీసుకెళ్ళేసరికి మనిషి మాట్లాడే స్థితిలో లేదు. వారం తిరక్కుండానే మా చర్చి వెనక సమాధుల తోటలో పెట్టి వచ్చాం.

తన ఫోన్‌లో ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. ఏడెనిమిది మంది కలిసి నెలకోసారి శనివారం పొద్దున్నే పిట్టల్ని చూడడానికి వెళ్ళేవాళ్ళు. ఎవరూ తనని ఆ గ్రూపులోంచి తీసెయ్యలేదు. అందుకని రేపు ఉదయం ఫలానా చోట కలుద్దాం అన్న మెసేజ్ నెలనెలా మా వంటింటి అలమారలో మోగేది. నేను చదివి పక్కన పెట్టేదాన్ని. ఈస్టర్‌కి ముందు చర్చిలో శ్రమకాలం ఉపవాసాలు నడుస్తున్న రోజుల్లో ఒకసారి అలా మోగినప్పుడు ఏమనిపించిందో, తిరిగి మెసేజ్ పెట్టాను. "నేను వాళ్ళమ్మనండీ. నేను కూడా రావచ్చా?"

కాసేపటికి ఆ ఫోన్‌కే కాల్ వచ్చింది. ఆ గ్రూపులో ఉండే ఒక లెక్చరర్ గారు. "రండి మేడమ్. తప్పకుండా రండి. మేమే పిలుద్దామనుకున్నాం, పిలవడానికి ధైర్యం చాల్లేదు" అంది. నేను మాత్రం మామూలుగా, ఎన్నింటికి రావాలి, ఏం తెచ్చుకోవాలి అని అడిగాను.

తెచ్చుకోవాల్సింది బైనాక్యులర్స్. అవి తన గదిలో మేకుకి వేలాడుతూనే ఉన్నాయి. తన మొదటి జీతంతో కొనుక్కుంది. కొన్న కొత్తలో నేను దుమ్ము తుడుస్తుంటే పరుగెత్తుకొచ్చి చేతిలోంచి తీసుకుంది. "అమ్మా, మధ్యలో చక్రం ఎంతైనా తిప్పుకో. ఈ కుడివైపు రింగు మాత్రం ముట్టుకోకు. అది నా కన్ను" అంది.

కుడికన్ను చిన్నప్పటినుంచీ తనకి కాస్త తక్కువే. ఆ సంగతి కనిపెట్టింది నేనే. నేను టీచర్ని, మూడో తరగతిలో తను నా క్లాసులోనే కూర్చునేది. బోర్డు చూసేటప్పుడు తల ఒకవైపు వంచేది. బైనాక్యులర్స్‌లో ఆ రింగు ఎందుకంటే, రెండు కళ్ళ చూపూ ఒకలా లేనివాళ్ళు తమ కంటికి సరిపడా ఒక్కసారి తిప్పి పెట్టుకుంటారు. ఇక దాన్ని కదపరు. అలా తను పెట్టుకున్నది అలాగే ఉంది. మేకు మీంచి తీసేటప్పుడు కూడా వేలు తగలకుండా తాడు పట్టుకునే తీశాను.

శనివారం మా ఆయన నన్ను బండి మీద తీసుకెళ్ళారు. బాపులపాడు వెళ్ళే రోడ్డులో, టీ బడ్డీ దగ్గర వాళ్ళంతా నిలబడి ఉన్నారు. లెక్చరర్ గారు, రిటైరైన పోస్టుమాస్టారు ఒకాయన, క్యాంపస్‌లో చదువుకునే ఇద్దరు ఆడపిల్లలు, పాతికేళ్ళు దాటిన ఒక అబ్బాయి. అతను కూడా ల్యాబ్‌లోనే చేస్తాడని, మా అమ్మాయితో కలిసి పనిచేసేవాడని లెక్చరర్ గారు చెప్పింది. అతను నమస్కారం పెట్టి తల దించుకున్నాడు. పోస్టుమాస్టారు, "పదండి టీచరుగారూ, ఎండెక్కితే పిట్టలు దాక్కుంటాయి" అన్నారు.

"అయిపోయాక ఫోన్ చెయ్యి" అని మా ఆయన వెళ్ళిపోయారు.

మొదట మామిడి తోటల మధ్య నడిచాం. కాయ నిమ్మకాయంత అయింది. ముందురోజు ఎక్కడో మందు కొట్టినట్టున్నారు, ఆ వాసన ఇంకా ఉంది. తోటలు దాటాక ఒక్కసారిగా ఆకాశం పెద్దదైంది. ఎర్రమట్టి, గులకరాళ్ళు, మోకాలెత్తు గడ్డి, రేగు కంపలు, బలుసు పొదలు, అక్కడక్కడా తంగేడు. ఎవరూ దున్నని, ఎవరూ చెట్టు నాటని బీడు. ఈ రోడ్డు మీద ముప్ఫై ఏళ్ళుగా తిరుగుతున్నాను, తోటల వెనక ఇలాంటి చోటు ఉందని నాకు తెలియదు. మా అమ్మాయికి తెలుసు.

నడుస్తుంటే ఒక్కొక్కరే దగ్గరికొచ్చి ఏదో ఒకటి చెప్పడం మొదలుపెట్టారు. ఆ ఇద్దరు పిల్లల్లో ఒకమ్మాయి, "అక్క భలే నవ్వించేది ఆంటీ. పోస్టుమాస్టారు నడక నడిచి చూపించేది, ఆయన ముందే" అంది. పోస్టుమాస్టారు అవునన్నట్టు తలూపారు. మా ఇంట్లో అంత నెమ్మదిగా ఉండే పిల్ల ఇక్కడ మనుషుల నడకలు నడిచి చూపించేదట. ఒకసారి పామును చూసి అందరూ వెనక్కి పరుగెత్తితే తనొక్కతే నిలబడి ఫొటో తీసిందని లెక్చరర్ గారు చెప్పింది. నేను వింటున్నాను. అన్నీ మంచి మాటలే. విన్నకొద్దీ నాకు తెలియని పిల్ల ఒకతె ఈ బీట్లో తిరిగి వెళ్ళిపోయినట్టు అనిపించింది. ఆ పిల్ల కోసం కూడా ఏడవాలేమో అనుకున్నాను.

పొదల్లో ఎక్కడో కౌజుపిట్టలు గొంతు చించుకుని అరుస్తున్నాయి. కరెంటు తీగ మీద పాలపిట్ట ఉందని చూపించారు. నేను బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకున్నాను. మధ్య చక్రం తిప్పితే ఎడమ కంటికి నీలిరంగు తేటపడింది. కుడి కంటికి మాత్రం తడి గుడ్డలోంచి చూసినట్టే ఉంది. రెండూ కలిసి ఏదో అలుక్కుపోయిన రంగు. అయినా అలాగే చూశాను. తనకి కనిపించినట్టు నాకు కనిపించదని తెలుసు. తన కంటికని పెట్టుకున్నచోట నా కన్ను ఆనించి నిలబడడమే నాకు కావాల్సింది. "బావుందండీ" అన్నాను.

బీడు మధ్యకి వచ్చేసరికి రెండు తీతువు పిట్టలు లేచి మా నెత్తిమీద అరవడం మొదలుపెట్టాయి. ఊళ్ళల్లో చెరువుగట్ల మీద అరిచే తీతువులు కావివి. ముఖానికి రెండువైపులా పసుపురంగు తిత్తి వేలాడుతుంది. ఇలాంటి ఎండుభూముల్లోనే ఉంటాయట. "గుడ్లు పెట్టింది. ఎవరూ అడుగు ముందుకు వెయ్యొద్దు" అని పోస్టుమాస్టారు మమ్మల్ని వెనక్కి నడిపించి దూరంగా ఒక బలుసు పొద నీడలో కూర్చోబెట్టారు.

కాసేపటికి ఆ పిట్టల్లో ఒకటి దిగి, అటూ ఇటూ నడిచి, ఒకచోట ఆగింది. అందరూ బైనాక్యులర్స్ ఎత్తారు. "చూడండి చూడండి, గుడ్ల మీద నీడ పడేట్టు రెక్కలు ఎలా పట్టిందో" అని పిల్లలు గుసగుసలాడారు. నాకు ఎర్రమట్టీ, మట్టి మీద మట్టిరంగు మరకా కనిపిస్తున్నాయి.

"కనబడుతోందా టీచరుగారూ?" అని పోస్టుమాస్టారు అడిగారు.

"కనబడుతోందండీ."

"ఎటు చూస్తున్నారు? అది కాదు, ఇంకాస్త కుడికి. ఏదీ, ఇలా ఇవ్వండి." చనువుగా తీసుకుని తన కళ్ళకి పెట్టుకున్నారు. "అయ్యో, ఇదేంటండీ, ఒక కన్ను పూర్తిగా మసగ్గా ఉంది. పొద్దుట్నుంచీ మీకేం కనబడి ఉంటుంది?"

"మాస్టారూ, అది తిప్పకండి."

ఆ మాట నేననలేదు. నా నోట్లోంచి వచ్చే లోపలే వెనకనుంచి ఆ అబ్బాయి అన్నాడు. అప్పటికే పోస్టుమాస్టారి వేళ్ళు ఆ రింగుని తిప్పేశాయి. "ఇదిగో, ఇప్పుడు చూడండి" అని నా చేతికిచ్చి, ఆ అబ్బాయి వైపు తిరిగి, "ఏంటయ్యా?" అన్నారు.

అతని ముఖం చూశాను. రెప్పల నిండా నీళ్ళున్నాయి. ఆ రింగు సంగతి ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

"ఏం పర్లేదండీ" అని పోస్టుమాస్టారితో అన్నాను. ఆయన తప్పేముంది? నాకు పిట్టని చూపిద్దామనుకున్నారు. ఆయన మనసు కష్టపడకూడదని బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకున్నాను. అంతా తేటగా కనిపించింది. పసుపు తిత్తి, నల్లటి నెత్తి, తెల్లటి గీత, ఎండకి నోరు తెరుచుకుని నిలబడిన పిట్ట. దాని కాళ్ళ మధ్య రాళ్ళో గుడ్లో తెలియని మచ్చల గుండ్రాలు. పొద్దుట్నుంచీ చూడనిది అంతా చూశాను. చూస్తూ, నోరు మూసుకుని ఏడ్చాను. పిట్ట కనబడినందుకే అనుకుని పోస్టుమాస్టారు నా భుజం తట్టారు.

తిరిగొచ్చేటప్పుడు నా మోకాలి వల్ల వెనకబడ్డాను. ఆ అబ్బాయి కూడా వెనకబడ్డాడు. మిగతావాళ్ళు తోటల దగ్గరికి వెళ్ళిపోయారు.

"సారీ ఆంటీ" అన్నాడు.

"నీకెలా తెలుసు బాబూ, ఆ రింగు సంగతి?"

"రెండేళ్ళూ మేమిద్దరం దాంతోనే చూసేవాళ్ళం ఆంటీ."

"నీకు లేవా?"

"ఉన్నాయి. ఇంట్లో పెట్టేసి వచ్చేవాణ్ణి."

నేను ఆగిపోయాను. ఇంట్లో పెట్టేసి వచ్చేవాడట. రింగు కదిపితే తను ఒప్పుకునేది కాదు గనక, ఒక కంటికి సగం కనబడీ కనబడకుండా రెండేళ్ళు పిట్టల్ని చూశాడు.

"మాకు చెబుదామనుకున్నారా?" అని అడిగాను.

"కాయల సీజన్ అయిపోయాక నేను మా నాన్నతో చెబుతానన్నాను. తోటల్లో కాపలా ఉంటారండీ ఆయన, సీజన్‌లో ఇంటికే రారు. తను క్రిస్మస్‌కి మీతో చెబుతానంది. మీరు ఏడుస్తారని, వాళ్ళ నాన్న మాట్లాడ్డం మానేస్తారని, తర్వాత ఇద్దరూ ఒప్పుకుంటారని అనేది."

"అలా అందా?"

"నవ్వుతా అనేదండీ."

"భూస్థాపనకి వచ్చావా?"

"వచ్చాను. ల్యాబ్ వాళ్ళందరితో కలిసి. అందర్నీ మట్టి వెయ్యమన్నారు కదండీ. వేశాను. మీకు కనబడేంత దగ్గర్లోనే ఉన్నాను."

ఆ రోజు నా ముందునుంచి వెళ్ళిన ముఖాల్లో ఇతని ముఖం వెతికాను. దొరకలేదు. ఏ ముఖమూ గుర్తులేదు. నా బిడ్డ మీద మట్టి వేసి, ఎవరూ పలకరించేవాళ్ళు లేక, మర్నాడు మళ్ళీ అదే ల్యాబ్‌కి వెళ్ళి, అమ్మాయి కుర్చీ పక్కనే కూర్చున్నాడు.

బైనాక్యులర్స్ మెడలోంచి తీసి అతనికిచ్చాను. "మళ్ళీ అలాగే పెట్టగలవా?"

అతను రెండు చేతులతో అందుకున్నాడు. తోట చివర ఒక తాటిచెట్టుంటే దానివైపు తిరిగి, ఎడమ కన్ను మూసుకుని, రింగుని మెల్లగా తిప్పాడు. "ఈ చెట్టు నాకు ఇంత మసగ్గా ఉండేది" అన్నాడు. మళ్ళీ కొంచెం తిప్పాడు. "ఇంతే అనుకుంటా." ఆగాడు. "కాదేమో ఆంటీ. ఇంకాస్త మసగ్గా ఉండేదేమో." అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తర్వాత అతని కళ్ళల్లో నీళ్ళు నిండి చెట్టు ఎలాగూ మసకైపోయింది. బైనాక్యులర్స్ దించి, "నాకు తెలియట్లేదండీ" అన్నాడు. "ఎంత చూసినా తెలియట్లేదు."

"పోనీలే నాన్నా" అన్నాను. నా పిల్లని తప్ప ఎవర్నీ అలా పిలవలేదు ఎప్పుడూ.

రోడ్డు మీదికి వచ్చేసరికి మా ఆయన బండి పక్కన నిలబడి ఉన్నారు. నేను ఫోన్ చెయ్యకముందే వచ్చేశారు. "అమ్మాయితో పనిచేసిన అబ్బాయండీ" అన్నాను. ఆయన అతన్ని ఒకసారి చూసి, "టీ తాగుతావా బాబూ?" అన్నారు. ముగ్గురం టీ తాగాం.

ఆ సాయంత్రం వరండాలో కూర్చుని మా ఆయనకి అంతా చెప్పాను. ఆయన గేటు వైపే చూస్తూ విన్నారు. నేను చెప్పడం అయిపోయాక, "మంచోడేనా?" అని అడిగారు.

"మంచోడేనండీ."

"తల్లిదండ్రులు ఏం చేస్తారు?"

"తోటల్లో పని. తండ్రి కాపలా ఉంటాడు. తల్లి కూలికి వెళ్తుంది. వీడొక్కణ్ణే చదివించుకున్నారు."

"మన చర్చివాళ్ళు కారన్నమాట."

"కారు."

పెళ్ళిచూపులకి ముందు ఏ తండ్రైనా అడిగే మాటలే. అవన్నీ అడిగి ఆయన లేచి నిలబడ్డారు. "నేను గొడవ చేసేవాణ్ణి" అన్నారు. "ఓ నెల చేసేవాణ్ణి. తర్వాత ఒప్పుకునేవాణ్ణి." అని లోపలికి వెళ్ళి అమ్మాయి గది తలుపు వేసుకున్నారు. తను పోయాక ఆయన ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదటిసారి.

ఆ వేసవి అంతా అతను మా ఇంటికి వచ్చాడు. తోటనుంచి వాళ్ళ నాన్న పంపించారని ఒక బుట్ట చిన్న రసాలు తెచ్చాడు. తండ్రికి మేమెవరో తెలియదు. ల్యాబ్‌లో తెలిసినవాళ్ళ ఇల్లు అని చెప్పాడట. మా ఆయనతో కూర్చుని క్రికెట్ చూసేవాడు. వాళ్ళిద్దరూ అమ్మాయి గురించి ఒక్క ముక్కా మాట్లాడుకునేవారు కాదు. నాతో వంటింట్లో మాట్లాడేవాడు. ఏం తినేది, ఎప్పుడు అలిగేది, ఏ పిట్టని ఏ పొదలో చూసింది. అతను చెప్పినవి నాకు కొత్త, నేను చెప్పినవి అతనికి కొత్త. ఇద్దరి దగ్గరా ఉన్నవి అయిపోయేదాకా చెప్పుకున్నాం. అవి అయిపోతాయని నేననుకోలేదు. అయిపోయాయి. ఆ తర్వాత అతను వచ్చినప్పుడు చెప్పినవే మళ్ళీ చెప్పుకునేవాళ్ళం. నెమ్మదిగా రావడం తగ్గింది.

బీటికి నేను ఇంకో రెండుసార్లు వెళ్ళాను. తర్వాత వెళ్ళలేదు. పోస్టుమాస్టారు ఇప్పటికీ ఏదైనా కొత్త పిట్ట కనబడితే ఫోన్ చేసి చెబుతారు. ఆయనకి ఏ సంగతీ చెప్పలేదు. చెప్పకూడదనే అతనూ నేనూ అనుకున్నాం.

మరుసటి ఏడాది అతనికి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు వచ్చి అన్నం తిని వెళ్ళాడు. ఆ తర్వాత ఫోన్లు, తర్వాత పండగలకి మాత్రం ఫోన్లు. ఒక ఆదివారం మేము చర్చినుంచి వచ్చేసరికి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే వచ్చాడు గానీ కూర్చోలేదు. చేతిలో శుభలేఖ ఉంది.

"అమ్మకి ఒంట్లో బాగుండడం లేదు ఆంటీ. ఒకటే గోల. ఒప్పుకున్నాను" అన్నాడు. చేసిన తప్పు చెప్పుకుంటున్నవాడిలా గోడవైపు చూస్తున్నాడు.

"మంచి పని చేశావు" అన్నాను. నిజంగానే అన్నాను. మా ఆయన శుభలేఖ అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా చదివారు. "వస్తాంరా" అన్నారు. అతన్ని 'రా' అనడం నేను వినడం అదే మొదలు. అతను వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే భుజాలు పట్టుకుని లేపేశారు.

పెళ్ళి చింతలపూడి అవతల ఒక ఊళ్ళో, పెళ్ళికూతురి ఇంటి ముందు పందిట్లో. పెళ్ళికూతురికని నేనొక చీర కొన్నాను. కొట్టువాడు, "మీ అమ్మాయికా అండీ?" అంటే అవునన్నాను. ఆ మాట అనక చాలా రోజులైంది.

పందిట్లో వెనక వరసలో కూర్చున్నాం. పెళ్ళికొడుకు తల్లి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. సన్నటి మనిషి, చేతులు గరుకు. "మీరే కదండీ టీచరుగారు? మావాడు మీ మాట చెబుతానే ఉంటాడు. నూజివీట్లో మీ ఇంట్లో తిన్నంత ఎక్కడా తినలేదంటాడు" అని నా పక్కనే కూర్చుంది. "పిల్లలెంతమందండీ మీకు?"

"ఒక్కతే. అమ్మాయి."

"పెళ్ళయిందా అండీ?"

మా ఆయన ముందుకు వంగి, "లేదమ్మా. జ్వరమొచ్చి పోయింది" అన్నారు.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అయ్యో తల్లీ. మావాడి ఈడా?"

"కొంచెం చిన్న" అన్నాను.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వేదిక మీద పురోహితుడు ఆమెని పిలిచాడు. ఒకసారి పిలిచినా లేవలేదు. రెండోసారి ఎవరో వచ్చి భుజం తట్టి పిలిస్తే అప్పుడు లేచింది. "భోజనం చెయ్యకుండా వెళ్ళకండి. నేనే వచ్చి వడ్డిస్తాను" అని వెళ్ళింది. అక్కడ, కొడుకు పక్కన నిలబడి అక్షింతల పళ్ళెం పట్టుకుని, మధ్యమధ్యలో మా వైపు చూస్తూనే ఉంది. పెళ్ళికొడుకు మాత్రం ఒక్కసారే చూశాడు. నేను తలూపాను.

మేము భోజనానికి కూర్చున్నాక ఆమె అన్నట్టే వచ్చింది. నా విస్తట్లో పప్పు, ఆవకాయ, దాని మీద నెయ్యి తనే వేసింది. వద్దన్నా వేసింది. నేను తిన్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి మా ఆయన ఇటు కూర్చున్నారు. చింతలపూడి దాటాక, "పెళ్ళికూతురు బావుంది కదా" అన్నారు.

"బావుందండీ" అన్నాను.

ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా రోడ్డునే చూస్తూ కూర్చున్నారు, ఆ బస్సు తనే నడుపుతున్నట్టు.